డిస్కు చచ్చినదా, కార్డు మూగవోయినదా?



ఈ శీర్షికలో ఇంతవఱకు కుట్టుమిషను, ఇస్త్రీపెట్టె, రుబ్బుడు యంత్రము మొదలగు వానిని గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున అటకమీదనో, మంచము క్రిందనో, పాత దుప్పటి కప్పుకొని కూర్చున్న ముసలి కంప్యూటరును గూర్చి వ్రాయుచున్నాను. ఇట్టి వస్తువు స్త్రీల పత్రికకెందుకని కొందఱనవచ్చును. ఇల్లు సర్దునది మనము. పాతసామానువాడు వీధిలో కేక వేసినప్పుడు ఏది ఇయ్యవలెనో ఏది ఉంచవలెనో నిర్ణయించునదియు మనమే. ఆ పెట్టెలో ఏమున్నదో ఎఱుగక తూకమునకు వేయుట, లోపల పత్రములున్న కావడిపెట్టెను కట్టెలక్రింద అమ్ముటవంటిది.

మా బాలానగరమున ఇట్టి పెట్టెలు మిక్కుటము. ఇది కర్మాగారముల పేట. హిందూస్థాన్ ఏరోనాటిక్సువారి శాఖ, ఒకప్పటి ఐ.డి.పి.ఎల్. మందుల కర్మాగారము, 1968లో ఏర్పడిన కేంద్ర ఉపకరణ రూపకల్పన సంస్థ, చిన్న చిన్న లేతు పనుల షెడ్లు, ఇవన్నియు ఇచ్చటనే వెలసినవి. మాదాపురమున సైబర్ టవర్సు తెఱచినది 1998లో. అంతకు ముందే ఇచ్చటి ఉద్యోగులలో యంత్రములయం దాసక్తిగలవారు కొందఱు జీతములో మిగిల్చి ఇంటికి కంప్యూటరు తెచ్చుకొనిరి. వారి పిల్లలు నేడు హైటెక్ సిటీలో పనిచేయుచున్నారు. వారి చేతిలోని ఫోను ముందు ఆ పాత పెట్టె ఎందుకును కొఱగాదు. కాని ఆ ఫోనులో లేనివి కొన్ని ఆ పెట్టెలో ఉండును.

పెట్టెలో వ్రాతలు నిలుచు స్థలము హార్డు డిస్కు. దానిని ధాన్యపు గాదె యనుకొనుడు. లెక్కలు చేయు ప్రాసెసరు ఇంటి యజమాని. యజమాని భాష గాదెకు తెలియదు; గాదెలో ఏ గింజ ఎచ్చటనున్నదో యజమానికి తెలియదు. నడుమ ఒక దుబాసీ కావలెను. ఆ దుబాసీయే కంట్రోలరు. పాతకాలపు కంప్యూటరులలో ఇది అరచేయంత పచ్చని పలకగా, తల్లిబోర్డుమీది గాడిలో నిలువుగా దిగియుండును. దానినే కార్డందురు. ఈ దుబాసీ మూగవోయినప్పుడు యజమాని, “నాకు గాదెయే లేదు” అని తెరమీద ప్రకటించును. గాదెలో ధాన్యము చెక్కుచెదరక ఉండవచ్చును. ఈ భేదమును తెలియకపోవుటచేతనే ఎన్నో మంచి డిస్కులు చెత్తలో పడుచున్నవి.

దుబాసీ నివాసము కాలమునుబట్టి మాఱినది. 1980లో షుగార్టు టెక్నాలజీ అను అమెరికా కంపెనీ, తరువాత సీగేటని పేరుపొందినది, 5 మెగాబైట్ల డిస్కు నొకదానిని తెచ్చినది. 1983లో ఐ.బి.ఎమ్.వారి ఎక్స్‌టి యంత్రము 10 మెగాబైట్ల డిస్కుతో వచ్చినది. ఆ డిస్కులకు స్వంతబుద్ధి తక్కువ. తెలివి యంతయు కార్డులోనే. 34 తీగల పట్టీ యొకటి, 20 తీగల పట్టీ యొకటి, రెండును కార్డునుండి డిస్కునకు పోవును. అప్పటి డిస్కుమీది గీతలను గీచినది ఆ కార్డే గనుక, వేఱు కంపెనీ కార్డు తగిలించిన అది చదువలేకపోవుట సాధారణము. కావున మీ యింట రెండు పట్టీల డిస్కు ఉన్నచో కార్డును డిస్కును విడదీయరాదు. అవి దంపతులు.

1986 ప్రాంతమున దుబాసీ డిస్కు ఇంటికే కాపురము మార్చెను. దీనిని ఐ.డి.ఇ. పద్ధతి యనిరి. 40 సూదుల ఒకే పట్టీ మిగిలినది. గాడిలోని కార్డు ఇక దారి చూపు ద్వారపాలకుడు మాత్రమే. అయినను దానికి కంట్రోలరు కార్డను పాతపేరే నిలిచినది. మన యిండ్లలో 1990కి తరువాత కొన్న 386, 486 యంత్రములలో సామాన్యముగా ఉండునది ఇదే. హార్డు డిస్కు, ఫ్లాపీ, మౌసు తగిలించు సీరియలు ద్వారము, ప్రింటరు ద్వారము, ఈ నాలుగును ఒకే కార్డుమీద ఉండుటచేత దుకాణదారులు దీనిని మల్టీ ఐ.ఓ. కార్డందురు. పిమ్మట పెంటియం యంత్రములలో ఆ ద్వారములు తల్లిబోర్డులోనే కలిసిపోయినవి. 2003 నుండి సన్నని పట్టీల సాటా డిస్కులు వచ్చినవి. వానిని పాత యంత్రములకు తగిలించుటకు మరల కార్డులే అక్కఱకు వచ్చుచున్నవి.

ఇక జబ్బు సంగతి. యంత్రమును వెలిగింపగానే నల్లని తెరపై “హెచ్.డి.డి. కంట్రోలర్ ఫెయిల్యూర్” అనియో, “ప్రైమరీ మాస్టర్ హార్డ్ డిస్క్ ఫెయిల్” అనియో, మిక్కిలి పాత ఐ.బి.ఎమ్. యంత్రమైనచో 1701 అను అంకెయో కనబడును. ఈ మాటలను అక్షరాల నమ్మకుడు. యంత్రమునకు తెలిసినది, “పిలిచితిని, బదులు రాలేదు” అనునంతవఱకే. బదులు రాకపోవుటకు డిస్కు కారణము కావచ్చును, కార్డు కావచ్చును, నడుమ పట్టీ కావచ్చును, విద్యుత్తు అందకపోవుట కావచ్చును, యజమాని పిలిచిన పేరే తప్పు కావచ్చును.

మా యింట జరిగినది చెప్పిన ఈ సంగతి తేటపడును. మా మామగారు 1995లో ఒక 486 యంత్రమును కొనిరి. మా అత్తగారు మెదకు ప్రాంతమువారు. ఆమెకు పెండ్లిపాటలు, అప్పగింతల పాటలు, లాలిపాటలు, బతుకమ్మ పాటలు అపారముగా వచ్చెడివి. సాయంకాలములందు ఆమె బియ్యమేరుచు పాడుచుండగా మామగారు మెల్లమెల్లగా ఒక్కొక్క మీట నొక్కి తెలుగులో ఎక్కించిరి. 63 పాటలు. ఆమె 2009లో దాటిపోయిరి. వానిలో కొన్ని ఆమె పుట్టింటివైపు ముసలివారికి తప్ప తెలియనివి. ఆ ముసలివారును ఇప్పుడు లేరు. ఆ పాటలకు కాగితపు ప్రతి లేదు. నిరుడు మా ఆడబిడ్డ కూతురి పెండ్లి కుదిరినప్పుడు, అమ్మమ్మ పాటలు కావలెనని పిల్ల అడిగినది. పెట్టె దించి వెలిగించితిమి. హార్డు డిస్కు కంట్రోలరు ఫెయిలు, ఫ్లాపీ కంట్రోలరు ఫెయిలు అని రెండు పంక్తులు తెరపై నిలిచినవి.

మా పేటలోని ఒక మరమ్మతు దుకాణమునకు పంపితిమి. ఆ అబ్బాయి డిస్కును ఊడదీసి, ఐ.డి.ఇ. డిస్కులను యు.ఎస్.బి. ద్వారమునకు కలుపు అడాప్టరుకు తగిలించి చూచెను, కనబడలేదు. తమ దుకాణములోని మంచి డిస్కు నొకదానిని మా పెట్టెలో పెట్టి చూచెను, అదియు పలుకలేదు. “అమ్మా, డిస్కూ ఖరాబైంది, బోర్డూ ఖరాబైంది. ఇంక ఇండ్ల ఏం లేదు, తూకానికి ఏసుకోండ్రి” అని చెప్పి పంపెను. మావారు నమ్మిరి. నాకు మాత్రము ఒక సందేహము కలిగెను. తర్కశాస్త్రమున ఒక కారణముతో సరిపోవు చోట రెండు కారణములను కల్పింపరాదందురు, దీనినే లాఘవమందురు. మంచి డిస్కు కూడ పలుకలేదన్నచో దోషము డిస్కునకు ఇవతల ఉన్నదనుటకు అదియే సాక్ష్యము. అంతమాత్రమున మా డిస్కు కూడ చెడినదని ఎట్లు తేలును? అడాప్టరులో కనబడలేదు గదా యందురేమో. దానికి సమాధానము కలదు. అడాప్టర్లు డిస్కులోని గదులను వరుస సంఖ్యతో పిలుచును. కొన్ని పాత చిన్న డిస్కులకు, విశేషముగా 500 మెగాబైట్లకు లోబడిన వానికి, ఆ పిలుపు తెలియదు. సిలిండరింత, హెడ్డింత, సెక్టారింత యని మూడంకెలతో పిలిచిననే పలుకును. మాది 420 మెగాబైట్లది.

రాత్రి పిల్లలు నిద్రించిన పిదప పెట్టె మూత తీసి మరల వెలిగించి, చెవియొగ్గి వింటిని. డిస్కు సన్నని ఈలతో తిరుగనారంభించి, ఈల హెచ్చి, నిలకడకు వచ్చెను. టక్కు టక్కుమను శబ్దము లేదు. అనగా విద్యుత్తు అందుచున్నది, మోటారు తిరుగుచున్నది. సోదరీమణులు ఈ పరీక్షను మొదట చేయవలెను. టక్కు టక్కని పదేపదే కొట్టుకొనుచున్నచో లోపలి ముల్లు దెబ్బతిన్నదని అర్థము. అప్పుడు వెంటనే ఆపివేయవలెను, మాటిమాటికి వెలిగించి చూచినకొలది మిగిలిన వ్రాతయు గీచుకొనిపోవును. అసలే శబ్దము లేనిచో ఎఱుపు, పసుపు, రెండు నలుపు తీగలుగల వేఱొక విద్యుత్తు మూతిని తగిలించి చూడవలెను.

పిమ్మట తెరపై యంత్రము తనయందున్న అంగములను పట్టికవేసి చూపునప్పుడు పరికించితిని. సీరియలు ద్వారములు లేవు, ప్రింటరు ద్వారము లేదు. మొదటి పంక్తులలో ఫ్లాపీయు లేదనియే ఉన్నది. నాలుగును ఒకే కార్డుమీదివని పైన చెప్పితిని గదా. నలుగురన్నదమ్ములకు ఒకేదినమున జ్వరము వచ్చిన, వారు త్రాగిన బావిని చూడవలెను.

కార్డును తీయుటకు ముందు కొన్ని జాగ్రత్తలు. తీగను గోడనుండి ఊడదీయవలెను. మీట ఆపుట చాలదు. లోపల మూసియున్న విద్యుత్తు పెట్టెను ఎన్నడును తెఱవరాదు. తీగ తీసిన తరువాతను దానిలో ప్రాణాంతకమైన విద్యుత్తు కొంతసేపు నిలిచియుండును. నైలాను చీరతో ఈ పని చేయకుడు. మాఘ ఫాల్గుణములలో మన హైదరాబాదు గాలి పొడిబారినప్పుడు ఆ చీర రాపిడికి పుట్టు మెఱుపు మనకు చీమకుట్టినట్లుండును గాని కార్డులోని చిప్పునకు పిడుగుపాటు. నూలుచీర కట్టుకొని, పెట్టె ఇనుప చట్రమును ఒకమాఱు తాకి, అటుపిమ్మట కార్డును అంచులు పట్టుకొని తీయవలెను. గాజులు వెనుకకు త్రోసికొని, మెడలోని గొలుసును పైటలోనికి దోపుకొనుట మేలు.

కార్డు అడుగున పసిడిరంగు పలుకులు వరుసగా ఉండును. మాదానిపై పచ్చని చిలుము, సన్నని మసి. రాగిచెంబునకు పట్టునదే ఇదియు. చింతపండు జ్ఞప్తికి వచ్చును. కాని చింతపండు, ఉప్పు, బూడిద, సబ్బు, ఇవేవియు దీనికి తగవు. పిల్లల మెత్తని పెన్సిలు రబ్బరుతో ఒకే దిక్కుగా మెల్లగా తుడిచి, రబ్బరు పొడిని దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన నూలుగుడ్డతో మరల తుడిచి, ఆఱనీయవలెను. గట్టిగా రుద్దిన బంగారుపూత లేచిపోవును. సముద్రతీరమున, విశాఖలోనో బందరులోనో ఉన్నవారికి ఈ చిలుము మఱింత త్వరగా పట్టును. చిలుము లేకున్నను కార్డును ఒకమాఱు తీసి పెట్టుటయే సగము వైద్యము. వేడికి వ్యాకోచించి చల్లారి సంకోచించుచు ఏండ్ల తరబడి కార్డు గాడిలోనుండి వెంట్రుకవాసి చొప్పున పైకి జరుగును.

కార్డును తిరిగి బిగించి వెలిగించితిని. ఫ్లాపీ దీపము మినుకుమన్నది; పట్టికలో సీరియలు ద్వారములు వచ్చినవి. డిస్కు మాత్రము ఇంకను పలుకలేదు. ఆలోచింపగా, దుకాణమువారు తమ డిస్కును పెట్టి చూచినప్పుడు యంత్రపు సెటప్పులో దాని కొలతలను వ్రాసి, వానినట్లే విడిచిపెట్టిరి. రామయ్యను భీమయ్యా యని పిలిచిన పలుకునా? డిస్కుపై అతికించిన చీటీలో సిలిండర్లెన్ని, హెడ్లెన్ని, సెక్టార్లెన్ని యని మూడంకెలుండును. వానిని సెటప్పులో వ్రాసి దాచితిని. యంత్రము ఒక క్షణము తడబడి, మామగారు పెట్టుకొన్న స్వాగతవాక్యమును తెరపై చూపెను. మావారు గడియారము చూచుకొని, ఒంటిగంట దాటినదనిరి. నేను వారిని రెండు క్రొత్త ఫ్లాపీలు వెదకుడని పంపితిని. 63 పాటలును ఆ రెంటిలో ఇమిడినవి. ముసలి డిస్కు పలికినప్పుడు మొదటి పని ప్రతి తీయుటయే. పెట్టె తుడుచుట, ఆనందించుట తరువాత.

మీ యంత్రములలో రోగకారణము వేఱుగా నుండవచ్చును గనుక మఱికొన్ని సంగతులు వ్రాయుచున్నాను. తేదీ 1980 జనవరి 1గా కనబడుచున్నచో లోపలి చిన్న బ్యాటరీ అయిపోయినది. దానితోబాటు డిస్కు కొలతలును మఱచిపోవును. నాణెమువంటి సి.ఆర్.2032 అయినచో మూడు వోల్టులది ఎచ్చటనైనను దొఱకును. చిన్న పీపావలె తల్లిబోర్డునకు మాటువేసిన నీలపు బ్యాటరీ అయినచో అది కారి చుట్టుప్రక్కల నీలిబూజు క్రమ్మియుండును. అది క్షారము, నిమ్మరసమునో వెనిగరునో దూదికి అద్ది తుడిచి, పిదప స్పిరిటుతో శుభ్రపఱచి, ఒకదినమారబెట్టవలెను. ఆ బ్యాటరీని ఊడబెఱికించుట సోల్డరు తెలిసినవారి పని. యంత్రమును మూలబెట్టువారు ముందే దీనిని తీయించిన బోర్డు దక్కును.

పట్టీకి ఒక అంచున ఎఱ్ఱగీత యుండును. అది కార్డుమీద ఒకటి యను అంకెవైపునకు రావలెను. తలక్రిందులుగా తగిలించిన ఫ్లాపీ దీపము ఆరక వెలుగుచునే ఉండును, అదియే గుర్తు. పట్టీ 18 అంగుళములకు మించరాదు. ఒకే పట్టీపై రెండు డిస్కులున్నచో ఒకటి మాస్టరు, రెండవది స్లేవు. వెనుకనున్న చిన్న జంపరులతో ఈ జ్యేష్ఠకనిష్ఠత్వమును నిర్ణయింపవలెను. ఇద్దఱును పెద్దలమనుకొన్న ఆ సంసారము సాగదు.

వెనుకటి దినములలో పిల్లలు పాటలకని సౌండు కార్డు పెట్టించుకొనిరి. వానిలో కొన్నిటికి సీడీకొఱకు స్వంత ఐ.డి.ఇ. ద్వారమున్నది. మొదటి ద్వారమునకు 14, రెండవదానికి 15 అను పిలుపు సంఖ్యలు వాడుక. క్రొత్త కార్డు, పాత కార్డు, తల్లిబోర్డులోని ద్వారము, వీనిలో రెండు ఒకే సంఖ్యకు బదులు చెప్పినచో యజమాని దిగ్భ్రమచెందును. క్రొత్త కార్డు పెట్టిన నాటినుండియే జబ్బు మొదలైనచో దానిని తీసి చూచుడు. తల్లిబోర్డులో ద్వారముండగా వేఱు కార్డు పెట్టవలసినచో, సెటప్పులో ఆ ద్వారమును మూయుడు.

చెడిన డిస్కు స్థానమున పెద్దది పెట్టువారికి మఱియొక చిక్కు. పాత యంత్రము 1024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లకు మించి లెక్కింపలేదు. సెక్టారునకు 512 బైట్లు. గుణించి చూడుడు: 52,84,82,304. ఇదియే 504 మెగాబైట్ల హద్దు. తరువాతి యంత్రములకు 8.4 గిగాబైట్లయొద్ద నొకటి, 137 గిగాబైట్లయొద్ద నొకటి ఇట్టి గోడలే కలవు. తన బయోసును తాను తెచ్చుకొను కార్డును పెట్టిన ఈ గోడ దాటవచ్చును. ఇట్టి పాతభాగములకు సికిందరాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరున వెదకింపవచ్చును; బాలానగరము మెట్రోలో ఎక్కి, అమీర్‌పేటలో బండి మాఱి, ప్యారడైజువద్ద దిగిన దగ్గఱ.

అన్నిటికంటె ముఖ్యమైనదానిని విడిగా వ్రాయుచున్నాను. 500 మెగాబైట్లకు మించిన డిస్కులు అడాప్టరుద్వారా నేటి కంప్యూటరులో తఱచుగా కనబడును. అప్పుడు ఆ కంప్యూటరు, “ఈ డిస్కును వాడుటకు ముందు ఫార్మాటు చేయవలెను, చేయుదునా?” అని మిక్కిలి మర్యాదగా అడుగవచ్చును. వలదనుడు. డిస్కును ఇనీషియలైజు చేయుదునా యన్నను వలదనుడు. అది చదువలేని లిపిలో ఉన్నదని మాత్రమే దానర్థము. అవునన్నచో పలకను తుడిచి ఇచ్చును. రెండు పట్టీల డిస్కు గలవారికి అడాప్టరు పనికిరాదు. అదే రకపు కార్డును సంపాదింపవలెను, లేదా బీగిల్‌బోన్ అను చిన్న కంప్యూటరు ఆధారముగా ఇట్టి డిస్కులను చదువుటకై అభిరుచిగలవారు నిర్మించిన పరికరమును తెప్పింపవలెను.

ప్రతి తీసిన పిదప నేటి యంత్రములో తెఱచిన, తెలుగునకు మాఱు అర్థములేని ఇంగ్లీషు గుర్తులు కనబడును. భయపడకుడు; వ్రాత చెడలేదు. ఆ కాలమున అను, శ్రీలిపి మున్నగు ఫాంట్లు ఎవరి సంకేతములు వారే పెట్టుకొనినవి. యూనికోడులో 1991లోనే తెలుగునకు స్థానము దొరకినను ఇండ్లలోనికి అది వచ్చినది చాల ఆలస్యముగా. కావున వ్రాతలతోపాటు ఆ డిస్కులోని ఫాంట్లనుకూడ తప్పక తీసికొనుడు. అవి ఉన్నచో చదువవచ్చును, యూనికోడునకు మార్చు సాధనములును దొరకును.

మా డిస్కును, కార్డును, పట్టీని ఒకే పెట్టెలో సర్ది, డిస్కు కొలతల మూడంకెలను, కార్డును తుడిచిన తేదీని ఒక అట్టమీద వ్రాసి పైన అతికించితిని. పాటలను పెద్ద అక్షరములతో అచ్చుతీయించి పెండ్లికూతురికి పంపితిమి. రెండు పాటల వరుస ఎవరికిని తెలియలేదు. మెదకువైపు సోదరీమణులలో అప్పగింతల పాటల వరుసలు తెలిసినవారున్నచో పత్రిక చిరునామాకు ఒక జాబు వ్రాయగోరెదను.